అప్‌డేట్: పవర్ సప్లై, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ మార్చేశాను

300 వాట్ల పవర్ సప్లై ఉన్న నా ప్రీబిల్ట్ (కంపెనీయే బిగించి అమ్మిన) డెస్క్‌టాప్‌లో ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్ పెట్టొచ్చా అని ఇంతకుముందు అడిగాను కదా. పెట్టేశాను, పనిచేస్తోంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మీరు చెప్పినట్టే ముందు పవర్ సప్లై మార్చాను. ఈ కార్డ్ 170 వాట్ల దాకా లాగుతుంది. మదర్‌బోర్డ్ మీద కార్డ్ గుచ్చే స్లాట్ నుంచి వచ్చేది 75 వాట్లే, మిగతాది 8 పిన్ కేబుల్ నుంచి రావాలి. పాతదానికి ఆ కేబులే లేదు. అందుకే 550 వాట్లది తీసుకున్నాను.

అసలు తలనొప్పి మదర్‌బోర్డ్‌తో వచ్చింది. మామూలుగా ఉండే 24 పిన్ పవర్ సాకెట్ బదులు ఇందులో కంపెనీ సొంత 10 పిన్ సాకెట్ ఉంది. ఎందుకిలా చేస్తారో వాళ్లకే తెలియాలి! సరిగ్గా ఈ మోడల్‌కి సరిపోయే అడాప్టర్ వెతికి తెప్పించాను. సాకెట్‌లో పట్టింది కదా అని ఏదో ఒకటి గుచ్చకండి. పిన్‌ల వరుస తేడా ఉంటే బోర్డ్ కాలిపోతుంది.

క్యాబినెట్ ఇరుకు కాబట్టి రెండు ఫ్యాన్ల పొట్టి కార్డ్ ఎంచుకున్నాను, సునాయాసంగా పట్టింది. డ్రైవర్లతో ఏ ఇబ్బందీ రాలేదు.

వేడి మాత్రం ఎక్కువే. ముందు ప్యానెల్‌కి గాలి రంధ్రాలు దాదాపు లేవు. గేమ్ ఆడుతుంటే 83 డిగ్రీలు చూపించింది, పక్క మూత తీస్తే బాగా తగ్గింది. వెనక ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాక 74 దగ్గర ఆగుతోంది. ఒకరు ప్రాసెసర్ కూడా మార్చమన్నారు. ప్రస్తుతానికి అవసరం అనిపించడం లేదు.