ఓనిగిరి ముద్ద నిలవడం లేదు, తప్పు కుక్కర్‌దా, బియ్యానిదా?

ప్రశ్న (నల్గొండ నుంచి)
మా పాప ఎనిమిదో తరగతి. జపాన్ కార్టూన్లలో చూసి లంచ్ బాక్సులోకి ఓనిగిరి కావాలని పది రోజులుగా అడుగుతోంది. మూడు మూలల అన్నం ముద్ద, లోపల ఏదో ఒక కూర, కింద ఎండు సముద్రపు నాచు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ మధ్యాహ్నానికి విడిపోయింది, చెంచాతో తిన్నానని చెప్పింది. నాకు చాలా బాధగా ఉంది. ఇంట్లో ఉన్నది రెండేళ్ల పాత సోనా మసూరి. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, అంటుకోకుండా చెంచాడు నూనె. తర్వాత వెనిగర్, చక్కెర కలిపాను. ఎక్కడ తప్పు?

జవాబు (మిర్యాలగూడ)
అక్కా, మాది రైస్ మిల్లు నడిపే ఇల్లు. కుక్కర్ తప్పేం లేదు, బియ్యాన్ని మార్చండి. అన్నం పొడిపొడిగా రావాలనే కదా మనం బియ్యం పాతబెట్టి తింటాం. కొత్త బియ్యం ముద్దవుతుందని వద్దంటాం. మీకు ఆ ముద్దే కావాలి. జపాన్‌లో కొత్త పంట బియ్యాన్ని షిన్‌మై అంటారు, దానికోసం ఎదురు చూసి కొంటారు. వాళ్లది పొట్టి గింజ, అమైలోజ్ (అన్నాన్ని పొడిపొడిగా ఉంచే పిండి పదార్థం) తక్కువ, అందుకే అంటుకుంటుంది. మన సన్నాలు అంతగా అంటుకోవు, కానీ వానాకాలం పంట కొత్త బియ్యంతో చాలావరకు కుదురుతుంది. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పడతాయి. గ్లాసున్నరతో మొదలుపెట్టి చూడండి.

జవాబు (మహబూబ్‌నగర్)
నేను జపాన్‌లోని నగోయాలో మూడేళ్లు పనిచేశాను. అక్కా, వెనిగర్, చక్కెర సుషీ అన్నానికి. ఓనిగిరికి ఉప్పు చాలు. నూనె అసలు వద్దు, గింజకు గింజ అంటకుండా చేసేది అదే. బియ్యం బాగా కడిగి అరగంట నానబెట్టండి. కుక్కర్ స్విచ్ పైకి లేచాక మూత తీయకుండా పదిహేను నిమిషాలు వదిలేయండి, ఆ ఆవిరికే గింజ లోపలిదాకా మెత్తబడుతుంది. అన్నం వేడిగా ఉన్నప్పుడే, చేతులు తడి చేసుకుని, ఉప్పు రాసుకుని ఒత్తాలి. చల్లారితే నిలవదు.

ఇంకోటి, జపాన్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, గిన్నె లోపలి గీతలు ఆ కప్పు లెక్కకే. ఇంటి గ్లాసుతో బియ్యం కొలిచి ఆ గీతదాకా నీళ్లు పోస్తే లెక్క తప్పుతుంది. మీ కుక్కర్‌కూ కప్పు వచ్చి ఉంటే దాంతోనే కొలవండి.

లోపల వాళ్లు ఉమెబోషి పెడతారు, ఉప్పులో ఊరిన పుల్లటి పండు. నేను అక్కడ మా అమ్మ పంపిన మామిడికాయ తొక్కు పెట్టుకునేవాణ్ణి. నూనె వంచేసి, సరిగ్గా నడిమిట్ల పెట్టండి.

జవాబు (దేవరకొండ)
ఎండాకాలంలో మాత్రం బాక్సులో పంపకండమ్మా. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ప్రశ్న అడిగిన అక్క
అందరికీ థాంక్స్. మిల్లు నుంచి రెండు కిలోల కొత్త బియ్యం తెప్పించి ఆదివారం చేశాను. కుక్కర్ కప్పుతోనే కొలిచాను, కప్పుకు కప్పున్నర నీళ్లు. నూనె వేయలేదు. ముద్ద నిలిచింది! పాప రెండు చేతులతో పట్టుకుని కొరికి తింది. ఇప్పుడు సోయా సాస్, క్యారెట్, పుట్టగొడుగులు బియ్యంతోనే వేసి వండే తకికోమి గోహన్ అడుగుతోంది. దానికి నీళ్లు ఎంత?

జవాబు (మహబూబ్‌నగర్)
ముందు సాస్ పోసి, మిగతాది నీళ్లతో నింపండి, రెండూ కలిపి అదే కప్పున్నర. కూరగాయలు బియ్యం మీద పరచండి, కలపకండి.