అప్‌డేట్: అబ్బాయి బడిలోనే శాట్ రాశాడు

టెక్సాస్‌లో పదకొండో తరగతి చదివే మా అబ్బాయికి శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశాలకు రాసే పరీక్ష) రుసుము మేమే విడిగా కట్టాలా అని పోయిన నెల అడిగాను. అక్కర్లేదని తేలింది. పేరు నమోదు బడివాళ్లే చేశారు, రుసుమూ మా మీద పడలేదు. శనివారం ఎక్కడో ఉన్న కేంద్రానికి పరుగెత్తే పని లేకుండా, బుధవారం తన బడిలోనే రాశాడు.

ముందురోజు రాత్రి లాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టి, పరీక్ష రాసే బ్లూబుక్ యాప్ తెరుచుకుంటోందో లేదో రెండుసార్లు చూసుకున్నాం. పరీక్ష 2 గంటల 14 నిమిషాలు. లెక్కల భాగానికి క్యాలిక్యులేటర్ ఆ యాప్‌లోనే ఉంటుంది. అయినా చేతికి అలవాటైనది పట్టుకెళ్లాడు.

ఒక్కటి మాత్రం మరవకండి. వైకల్యం వల్ల అదనపు సమయం కావలసిన పిల్లలుంటే, బడిలోని కోఆర్డినేటర్‌ను చాలా వారాల ముందే కలవండి. శాట్ నిర్వహించే సంస్థ కాలేజ్ బోర్డు అనుమతి రావాలి. మా పక్కింటి అమ్మాయికి ఆలస్యమై ఆ అవకాశం దక్కలేదు. ఆ పిల్ల ముఖం చూస్తే కడుపు తరుక్కుపోయింది.