నెట్ లేని లైనక్స్‌లో ఇంగ్లిష్ డిక్షనరీ: కొనని ఫైళ్లు పెట్టొచ్చా?

స్టడీరూమ్:
మా ఊళ్లో కుర్రాళ్లు చదువుకునే గదిలో పాత కంప్యూటర్లకి డెబియన్ లైనక్స్ ఎక్కించాం. నెట్ లేదు. డిక్షనరీలు తెరిచే గోల్డెన్‌డిక్ట్ ప్రోగ్రామ్ వేశాం కానీ అది ఖాళీ బీరువా, డిక్షనరీలు మనమే తెచ్చి సర్దుకోవాలి. ఒకాయన పెద్ద కంపెనీల లెర్నర్స్ డిక్షనరీలు, ఆడియోతో సహా, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. కొన్నవి కావు. పెట్టేయమంటారా?

గ్రూప్స్ అభ్యర్థి:
పెట్టేయండి బ్రదర్. ఫ్రీవి చూశాం కదా. వర్డ్‌నెట్ అనే ఫ్రీ డిక్షనరీలో 'డాగ్' కొడితే కానిస్ ప్రజాతి, బహుశా తోడేలు సంతతి, చరిత్రపూర్వం నుంచి మచ్చికైనది అని మొదలెడుతుంది. టెన్త్ పిల్లాడు ముందు కానిస్ ఏంటో వెతుక్కోవాలి. 'విత్', 'బికాజ్' అయితే అసలుండవు. నామవాచకాలు, క్రియలు, విశేషణాలు, క్రియావిశేషణాలు, అంతే. ఇక 1913 వెబ్‌స్టర్‌లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి!

టెర్మినల్ తాత:
నీ ల్యాప్‌టాప్‌లో ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం బాబూ. నలుగురు వాడే గదిలో పెట్టి పంచడం వేరు. దొంగ విండోస్ వద్దనే కదా డెబియన్‌కి వచ్చింది? మళ్లీ దొడ్డిదారి ఎందుకు?

జీసీఐడీఈ అని ఇంకో ఫ్రీ డిక్షనరీ ఉంది, దానికి పునాది ఆ వెబ్‌స్టరే అయినా తర్వాత చేర్చినవీ ఉన్నాయి. ఏ అర్థం ఎక్కడిదో పక్కనే బ్రాకెట్లో వేసి ఉంటుంది. పాత నవలలు చదివేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి? డిక్ట్-జీసీఐడీఈ, డిక్ట్-డబ్ల్యూఎన్ (ఇది వర్డ్‌నెట్) ప్యాకేజీలు నెట్ ఉన్నచోట దించి పట్టుకెళ్లండి. సర్వర్ గొడవ పెట్టుకోకుండా, గోల్డెన్‌డిక్ట్‌లో సోర్సెస్ దగ్గర యూఎస్ఆర్, షేర్ లోపలి డిక్ట్‌డీ ఫోల్డర్ (/usr/share/dictd) చూపిస్తే నేరుగా చదివేస్తుంది.

గ్రూప్స్ అభ్యర్థి:
బాగుంది తాతగారూ, కుక్క సంగతి మాత్రం తేల్చలేదు.

జిమ్ ఫైల్:
వికీపీడియా తరహా ఫ్రీ డిక్షనరీ విక్షనరీని ఇద్దరూ వదిలేశారేం? కివిక్స్ సైట్‌లో, నెట్ లేకుండా చదువుకునే జిమ్ ఫైలుగా దొరుకుతుంది, గోల్డెన్‌డిక్ట్ దాన్నీ తెరుస్తుంది. ఇంగ్లిష్‌ది మొత్తం కావాలంటే కొన్ని జీబీలు. పాత మెషీన్‌లో మొదటిసారి ఇండెక్స్ అయ్యేలోపు టీ తాగి రావొచ్చు. పిల్లలకైతే సింపుల్ ఇంగ్లిష్ విక్షనరీ చాలు. ఫైలు చిన్నది, వివరణలు తేలిక మాటల్లో రాస్తారు. పదాలు తక్కువే, ఒప్పుకుంటా. అందులో లేనివాటికి వర్డ్‌నెట్ ఉండనే ఉంది. కాపీ చేసి పంచుకోడానికి లైసెన్సు కూడా అడ్డు రాదు.

స్టడీరూమ్:
ఈ రెండూ వేస్తానండీ. పెన్‌డ్రైవ్ ఆయనకి ఇచ్చేస్తా, ఏమనుకుంటాడో ఏమో. ఆడియో మాటేంటి మరి?

టెర్మినల్ తాత:
ఈస్పీక్ పెట్టుకోండి, రాసిన మాటని చదివి వినిపించే ప్రోగ్రామ్, నెట్ లేకుండా పలుకుతుంది. రోబో గొంతు, అంతే.

గ్రూప్స్ అభ్యర్థి:
ఆ గొంతు విని ఇంగ్లిష్ నేర్చి ఎవడైనా ఇంటర్వ్యూకి వెళ్తే పూచీ మీదే తాతగారూ. ఆడియో ఒక్కదానికైనా ఆ పెన్‌డ్రైవ్ ఉంచుకోమనే నా ఓటు.