మా షార్ట్ ఫిల్మ్‌కి తొడొరోవ్ కథన సిద్ధాంతం సరిపోవట్లేదు, వ్యాసం ఎలా రాయాలి?

డిగ్రీ ప్రాజెక్టు కోసం మా టీమ్ అయిదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీసింది. కథన సిద్ధాంతాలు అందులో ఎలా పనిచేశాయో వివరిస్తూ ఒక వ్యాసం కూడా ఇవ్వాలి. టెన్షన్ అంతా దాని గురించే.

కథ ఇది: ఇంటికొచ్చిన అమ్మాయికి తాళం వేసిన తలుపు లోపలి నుంచి తన గొంతే వినిపిస్తుంది. తలుపు తెరిచేలోపే సినిమా అయిపోతుంది. తొడొరోవ్ చెప్పిన సమతౌల్యం, అంటే అంతా మామూలుగా ఉన్న స్థితి, మొదట్లో ఉంది, అది చెదరడమూ ఉంది, కానీ కొత్త సమతౌల్యం ఎక్కడా రాదు. 1928లో జానపద పరిశోధకుడు ప్రాప్ రష్యన్ జానపద కథల నుంచి తేల్చిన ఏడు రకాల పాత్రల్లో నాయకుడు, ప్రతినాయకుడు రెండూ ఈ అమ్మాయే. మిగతావాటిని బలవంతంగా అతికించడం నాకిష్టం లేదు. ఫ్రెంచ్ విమర్శకుడు బార్త్ చెప్పిన అయిదు కోడ్‌లలో (కథ అర్థాన్ని కట్టే పద్ధతుల్లో), ప్రశ్న రేపి జవాబు దాచే ఎనిగ్మా కోడ్ మాత్రం చక్కగా కుదురుతుంది. తలుపు కింది వెలుతురు క్లోజప్, ఉన్నట్టుండి ఆగిపోయే సౌండ్ అందుకోసమే పెట్టాం.

సిద్ధాంతం పనిచెయ్యని చోటు గురించి రాస్తే మార్కులు పోతాయా, లేక అసలైన విశ్లేషణ అదేనా? బార్త్ ఒక్కరినే పట్టుకుని షాట్‌ల వారీగా రాయడం మేలా? ఇలాంటి వ్యాసాలు రాసినవాళ్లు, దిద్దినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.