అప్‌డేట్: నాన్నగారి బైపాస్ సర్జరీ, రక్తం ఎక్కించే విషయం

హిమోగ్లోబిన్ 9.6 మాత్రమే ఉన్న మా నాన్నగారిని బైపాస్ సర్జరీకి పంపవచ్చా, రక్తదాతలను ఎందరిని సిద్ధం చేసుకోవాలి అని లోగడ అడిగాను. సర్జరీ పూర్తయింది, ఆయన ఇంట్లో కోలుకుంటున్నారు.

ఆపరేషన్ అత్యవసరం కాదు కనుక, హిమోగ్లోబిన్ తగ్గడానికి ఐరన్ లోపమే కారణమని పరీక్షల్లో తేలాక, వైద్యులు తేదీని వాయిదా వేసి సెలైన్‌తో పాటు ఐరన్ ఎక్కించారు. రక్తం గడ్డకట్టకుండా వాడే మందుల్లో ఆస్పిరిన్ కొనసాగిస్తూ క్లోపిడోగ్రెల్‌ను మాత్రం ఐదు రోజుల ముందు ఆపించారు. మాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చింది సర్జన్‌గారు, మత్తు డాక్టరుగారు, ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ యంత్రాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టు ముగ్గురూ కలిసి కూర్చుని మాతో మాట్లాడటం. రక్తస్రావం తగ్గడానికి ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇస్తామని, ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని సెల్ సేవర్ యంత్రంతో సేకరించి, కడిగి, అందులోని ఎర్రకణాలను తిరిగి ఆయనకే ఎక్కిస్తామని, హార్ట్-లంగ్ యంత్రంలో ముందుగా నింపే ద్రవం వల్ల రక్తం మరీ పలచబడకుండా పొట్టి గొట్టాలు వాడతామని ఓపికగా వివరించారు. హిమోగ్లోబిన్ 10 కన్నా తగ్గితే రక్తం ఎక్కించాలి కదా అని నేను అడగగా, గుండె ఆపరేషన్ రోగులపై జరిగి 2017లో వెలువడిన ట్రిక్స్-3 అధ్యయనంలో 7.5 కన్నా తగ్గినప్పుడే ఎక్కించినవారి ఫలితాలు 9.5 హద్దుగా పెట్టుకున్నవారికి ఏమీ తీసిపోలేదని చెప్పారు.

చివరికి ఐసీయూలో ఒక్క యూనిట్ మాత్రమే అవసరమైంది. అది కూడా సంచి మీది నంబరును, నాన్నగారి చేతి పట్టీని ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూశాకే ఎక్కించారు. దాతలుగా ముందుకొచ్చిన వారందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.