బైనామియల్ టెస్ట్: టూ టెయిల్డ్‌లో పి విలువ రెట్టింపు ఎందుకు కావడం లేదు?

బెండ విత్తనాల ప్యాకెట్ మీద మొలక శాతం 90 అని ఉంది. తడి గుడ్డలో 20 గింజలు కట్టాను, 15 మొలిచాయి. ప్యాకెట్ మీది మాట నిజమో కాదో 5 శాతం స్థాయిలో తేల్చాలి.

ఒక గింజ మొలిచే సంభావ్యతను పి అనుకుంటే, శూన్య పరికల్పన (పరీక్షకు పెట్టే మాట) పి = 0.9, ప్రత్యామ్నాయం పి ≠ 0.9. ఎక్కువ మొలిచినా ప్యాకెట్ లెక్క తప్పే కదా, అందుకే రెండు వైపులా చూసే టూ టెయిల్డ్ పెట్టుకున్నాను.

ఎక్సెల్‌లో బైనామ్.డిస్ట్‌తో 15 లేదా అంతకన్నా తక్కువ మొలిచే సంభావ్యత 0.0432 వచ్చింది. క్లాసులో చెప్పినట్టు రెట్టింపు చేస్తే పి విలువ (శూన్య పరికల్పన నిజమైతే ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా వచ్చే సంభావ్యత) 0.0863, ఇది 0.05 కన్నా ఎక్కువ, అంటే శూన్య పరికల్పనను తిరస్కరించలేం. సరిచూద్దామని ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో బైనామ్.టెస్ట్ నడిపితే టూ సైడెడ్‌కే (అంటే టూ టెయిల్డ్‌కే) 0.04317 చూపిస్తోంది! అంటే తిరస్కరించాలి. మూడుసార్లు చేశాను, అంకెలు మారలేదు. నార్మల్ ఉజ్జాయింపు ఇక్కడ వద్దనుకున్నాను, ఎందుకంటే మొలవని గింజల సగటు 2 మాత్రమే.

20కి 20 మొలిచే సంభావ్యతే 0.1216 ఉంది. బహుశా అందుకే ఆర్ కుడివైపు ఏమీ కలపడం లేదేమో అనిపిస్తోంది, కానీ ఖాయంగా తెలియదు. గింజలు మొలిచాయి గానీ జవాబే మొలవడం లేదు.

పంపిణీ ఇలా ఒక పక్కకు వాలి ఉన్నప్పుడు టూ టెయిల్డ్ పి విలువగా 0.0863 రాయాలా, 0.0432 రాయాలా, ఎందుకు?