పాత డోజర్‌లో కూలెంట్ తగ్గిపోతోంది: సీలర్ పోయవచ్చా, ఇంజన్ విప్పవలసిందేనా?

అడిగినవారు:
మా డోజర్‌లో ఉన్నది తడి లైనర్లున్న (బయటి గోడకు కూలెంట్ నేరుగా తగిలే, మార్చగల సిలిండర్ గొట్టాలున్న) ఆరు సిలిండర్ల పాత డీజిల్ ఇంజన్. నేల మీద ఒక్క చుక్క పడడం లేదు, అయినా రేడియేటర్‌లో మట్టం ప్రతి షిఫ్టుకూ కొంత తగ్గుతోంది. ఇంజన్ ఆయిల్ రంగు మారలేదు. హెడ్ గాస్కెట్ (సిలిండర్ హెడ్‌కు, బ్లాకుకు మధ్య ఉండే సీలు) పోయిందని ఒకరు, లైనర్ పోయిందని మరొకరు అంటున్నారు. లీకు మూసే సీలర్ పోసి పని నడిపించడం తప్పా?

సీలర్‌ను సమర్థించేవారు:
తప్పని నేను అనుకోను. సన్నగా కారే రేడియేటర్ నుంచి వచ్చే కూలెంట్ వేడి రెక్కల మీదే ఆవిరైపోతుంది కాబట్టి కింద చుక్క కనిపించదు. ఆయిల్ శుభ్రంగా ఉందంటే లోపలి లీకు కాదనే అర్థం. యంత్రం విలువకు మించిన ఖర్చుతో ఇంజన్ విప్పించే ముందు సీలర్‌ను ప్రయత్నించడంలో నష్టం ఏముంది?

మెకానిక్:
రేడియేటర్ గురించి మీరు చెప్పింది నిజమే. అయితే కూలెంట్ ఆవిరైన చోట మరక మిగులుతుంది. రెక్కల మధ్య టార్చి వేసి చూస్తే తెల్లగానో, కూలెంట్ రంగులోనో పేరుకున్న పొర కనిపించి తీరాలి. వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం చుట్టూ, గొట్టాల క్లాంపుల దగ్గర, బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గుల (బ్లాకు రంధ్రాలను మూసే లోహపు బిళ్లల) అంచుల్లో కూడా ఇదే గుర్తు వెతకాలి.

ఆయిల్ రంగును నమ్మి లోపలి లీకు లేదనడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను. లోపలికి చేరుతున్న కూలెంట్ కొద్దిపాటిదైతే, పని చేస్తున్న ఇంజన్ వేడికి అందులోని నీరు ఆవిరైపోయి, నీటితో కలిపి ఉండే గ్లైకాల్ మాత్రం ఆయిల్‌లో ఉండిపోతుంది. అది బేరింగులను తినేస్తున్నా ఆయిల్ పాలలా మారకపోవచ్చు. యంత్రాన్ని రాత్రంతా కదిలించకుండా ఉంచి, తెల్లవారి స్టార్ట్ చేయకముందే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ ప్లగ్గును పూర్తిగా తీయకుండా మెల్లగా వదులు చేయండి. కూలెంట్ ఆయిల్ కంటే బరువైనది కాబట్టి అడుగున చేరిన కూలెంట్ ముందుగా బయటికి వస్తుంది. చుక్క రాకపోయినా అనుమానం తీరకపోతే ఆయిల్ నమూనాను పరీక్షకు పంపండి. అందులో సోడియం, పొటాషియం పెరగడం కూలెంట్ చేరిందనడానికి బలమైన సూచన.

ఇక సీలర్ వల్ల నష్టం ఏమిటంటే, దానికి పగులు ఏదో, సన్నటి దారి ఏదో తేడా తెలియదు. రేడియేటర్ గొట్టాల్లోనూ, ఆయిల్ కూలర్‌లోని ఇరుకు దారుల్లోనూ, కూలెంట్ ఫిల్టర్ ఉంటే అందులోనూ అది పేరుకుంటుంది. లీకు ఆగినట్టే ఉండి ఇంజన్ వేడెక్కడం మొదలైతే, ఒక జబ్బు పోయి రెండు జబ్బులు వచ్చినట్టే.

సీలర్‌ను సమర్థించేవారు:
చల్లటి ఇంజన్‌కు ప్రెషర్ పంపు పెట్టి పరీక్షిస్తే అన్నీ తెలుస్తాయని చెబుతారు. హెడ్‌లోని పగులు వేడి మీదే తెరుచుకుంటుంది కదా?

మెకానిక్:
అవును, అందుకే రెండు స్థితుల్లోనూ పరీక్షించాలి. క్లాంపులు చల్లగా ఉన్నప్పుడు కారి, వేడెక్కాక బిగుసుకోవచ్చు. పగుళ్లు దీనికి విరుద్ధంగా ప్రవర్తించవచ్చు. రేడియేటర్ మూత మీద రాసిన ఒత్తిడిని మించి పంపు కొట్టకూడదు, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆ మూతను ఎప్పుడూ తెరవకూడదు. చల్లటి ఇంజన్‌లో ఒత్తిడి నిలవకుండా పడిపోతున్నా బయట తడి లేకపోతే, సంప్ దించి ఒత్తిడి పెట్టి ఉంచండి. చుక్క ఏ లైనర్ కింది అంచు నుంచి దిగుతుందో కంటితోనే చూడవచ్చు. చాలాసార్లు అది లైనర్ కింది ఓ-రింగులదే (కూలెంట్ కిందికి దిగకుండా ఆపే రబ్బరు వలయాలదే) అవుతుంది.

గ్రేడర్ ఆపరేటర్:
ఒక మాట చేర్చాలి. రేడియేటర్‌లో బుడగలు చూడగానే హెడ్ గాస్కెట్ అని తేల్చకండి. కూలెంట్‌తో చల్లబడే ఎయిర్ కంప్రెసర్ ఉన్న ఇంజన్లలో దాని గాస్కెట్ పోయినా గాలి కూలెంట్‌లోకి వస్తుంది. కంప్రెసర్ కూలెంట్ గొట్టాలను విడదీసి, కొసలు మూసి, లోడు లేకుండా కొద్దిసేపు నడిపినప్పుడు బుడగలు ఆగిపోతే హెడ్ జోలికి వెళ్లనవసరం లేదు.

మెకానిక్:
చాలా ముఖ్యమైన సంగతి. దహన వాయువులను పట్టే నీలిరంగు ద్రవంతో చేసే పరీక్ష కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది, కానీ డీజిల్ ఇంజన్‌ను ఐడిల్‌లో ఉంచి చేస్తే ఫలితం సరిగ్గా రాకపోవచ్చు. లోడు మీద నడిపి చేయాలి. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు తెల్లటి పొగ తీపి వాసనతో వస్తుంటే మాత్రం, స్టార్టర్ వాడే ముందు ఇంజన్‌ను చేత్తో పూర్తిగా తిప్పి చూడండి. సిలిండర్‌లో నిలిచిన కూలెంట్ అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

సీలర్‌ను సమర్థించేవారు:
లీకు రేడియేటర్‌లోనే ఉందని తేలితే, పని పూర్తయ్యేదాకా సీలర్ వాడవచ్చనే నా మాట మార్చుకోను. లైనరే అయితే పోయిన ఒక్కదాన్ని మార్చితే సరిపోదా?

మెకానిక్:
మొదటిదానికి అభ్యంతరం లేదు, తర్వాత వ్యవస్థనంతా కడగాలి. రెండోదానికి జవాబు లైనర్ బయటి గోడ మీదే ఉంటుంది. ఓ-రింగు మాత్రమే గట్టిపడి, గోడ నున్నగా ఉంటే, ఆ సిలిండర్ వరకు సరిచేయడం సమంజసమే. గోడ మీద సూది గుచ్చినట్టు గుంటలు వరుసగా ఉంటే, అది లైనర్ కంపనానికి పుట్టిన బుడగలు పగిలి తవ్విన పని. అదే కూలెంట్‌లో ఉన్న మిగతా అయిదింటినీ బయటికి తీసి చూడకుండా హెడ్ బిగించడానికి నేను ఒప్పుకోను. ఏది మార్చినా కొత్త లైనర్ బ్లాకు పైకి ఎంత పొడుచుకు వచ్చిందో డయల్ గేజితో కొలిచి మాన్యువల్‌తో సరిపోల్చండి, ఎందుకంటే ఆ ఎత్తు తప్పితే కొత్త హెడ్ గాస్కెట్ కూడా నిలవదు.

అడిగినవారు:
రెక్కల్లో మరక ఎక్కడా లేదు. రేపు ఉదయం స్టార్ట్ చేయకుండా డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి చూస్తాను, అప్పటిదాకా సీలర్ పోయను.